అత్తగారి గురువారం

సోమవారం పదింటికీ పన్నెండింటికీ మధ్య క్లారీ తన బస్సు ముందద్దాన్ని ఐదుసార్లు తుడిచాడు. ఐదుసార్లు తుడవదగ్గ దుమ్ము మా హార్పర్స్ వెల్‌లో ఎప్పుడూ ఉంటుంది కనక ఎవరికీ అనుమానం రాలేదు. అసలు సంగతి ఏమిటంటే, ఆ అద్దం దగ్గర నిలబడితే రోడ్డుకు అవతలి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. ట్యాంకు పక్కన నెల్సన్ నిలబడి ఉన్నాడు.

నెల్సన్‌కు నలభై దాటాయి. చొక్కా ఉతికి, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. కోర్టుకు వెళ్లిన రోజు కూడా అంత శుభ్రంగా వెళ్లలేదు. తాగి లేడు. తాగినవాడైతే ట్యాంకుకు ఆనుకుంటాడు. ఇతను దేనికీ ఆనుకోకుండా, క్లినిక్కు వైపు మొహం తిప్పకుండా, పక్కకు తిరిగి నిలబడ్డాడు. ట్యాంకు నీడ పదిన్నరకే పక్కకు జరిగిపోయింది. అతను మాత్రం జరగలేదు.

క్లారీ గుడ్డ భుజాన వేసుకుని క్లినిక్కు లోపలికి తొంగి చూశాడు. పోయిన గురువారమే తెరిచిన కొత్త భవనం. పెద్ద హాలు, ముప్పై కుర్చీలు, రోడ్డు వైపు నిలువెత్తు గాజు గోడ, మొత్తానికి ఒకే ఒక తలుపు. హాలు పక్కన నర్సు గది. దాని కిటికీకి తెర ఇంకా పెద్ద ఊరి నుంచి రావాలి. హాల్లో నాలుగో కుర్చీలో, గాజుకు వీపు పెట్టి, చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని డల్సీ కూర్చుంది. కాళ్ల దగ్గర ఆమె కుక్క. దాని పేరు సార్జెంటు.

డల్సీ నెల్సన్‌కు అత్తగారు.

మా ఊళ్లో అత్తా అల్లుడూ ఒక కప్పు కింద కూర్చోరు. మొహాలు చూసుకోరు, మాట్లాడుకోరు, ఒకరి పేరు ఒకరు పలకరు. దీన్ని పగ అనుకునేవాడు మా ఊరివాడు కాడు. మా ఊళ్లో పగవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి టీ ఒకరు తాగుతారు. ఇది మర్యాద. పగకంటే గట్టిది. మధ్యలో ఉన్న మనిషి, చనిపోయాక ఇక పేరు తలవకూడని డల్సీ కూతురు, పోయి రెండేళ్లయినా మర్యాద పోదు.

లిండ్సే బల్ల వెనక కూర్చుని కంప్యూటర్లో ఏదో నొక్కింది. క్లినిక్కు నడిపే మనిషి, సముద్రం ఒడ్డు నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ముక్కు మీద తోలు ఎండకు ఇంకా ఊడుతూనే ఉంది.

"నెల్సన్, రెండోసారి కూడా రాలేదు," అంది తనలో తాను.

"వచ్చాడు బాస్. నీకంటే ముందే వచ్చాడు. అడుగో," అన్నాడు క్లారీ.

ఆమె గాజులోంచి చూసింది. "అక్కడ నిలబడితే వచ్చినట్టు కాదు క్లారీ. కోర్టు కాగితంలో ఉంది. సోమ, గురువారాల్లో, క్లినిక్కు లోపల, నర్సు ముందు, ఇరవైసార్లు. పద్నాలుగు అయ్యాయి. మూడుసార్లు తప్పితే నేను కోర్టుకు రాయాలి. ఈ గురువారం కూడా లోపలికి రాకపోతే నాలుగు నెలలు జైలు. నాకేమన్నా సరదానా?"

"అయితే మిరియం సిస్టర్‌ని నా బస్సులోకి పంపించు. క్లినిక్కు పేరు నీ గోడ మీద కంటే నా బస్సు మీదే పెద్దక్షరాల్లో ఉంది."

"బస్సు భవనం కాదు. నేను దొంగ సంతకం పెట్టను."

క్లారీ భుజం మీది గుడ్డ తీసి మడిచాడు. అతను చెప్పే ప్రతి కథలోనూ ఒక మొసలి ఉంటుంది. మా ఊరికీ అన్నిటికంటే దగ్గరి మొసలికీ మధ్య వెయ్యి కిలోమీటర్ల ఎండిన నేల ఉంది. అలాంటి మనిషికి అబద్ధం చేతకాని వాళ్లంటే ఒకరకమైన గౌరవం.

"నాలుగో కుర్చీ చూడు," అన్నాడు మెల్లగా. "ఎవరో తెలుసా?"

లిండ్సే చూసింది. చుట్టరికం మనసులో కూడుకుంది. ముక్కు ఇంకాస్త ఎర్రబడింది. "కానీ ఒకే తలుపు కావాలని పట్టుబట్టింది ఆవిడే కదా!"

అదీ నిజమే. అదివరకు తల బాగులేని వాళ్లకు బడి పక్క రేకుల ఇల్లు, తాగుడు మానాలనుకునే వాళ్లకు పాత రొట్టెల కొట్టు. పిచ్చి తలుపు, తాగుడు తలుపు అని పేర్లు. కొత్త భవనం కోసం పెద్దలు కూర్చున్నప్పుడు డల్సీ కర్రతో బల్ల మీద కొట్టింది. "ఎవడు ఏ తలుపులో దూరాడో చూసి నవ్వుకోవడం తప్ప ఈ ఊరికి పని లేదా? ఒకే తలుపు పెట్టండి. కాలు నొప్పివాడూ, తల నొప్పివాడూ, సీసా నొప్పివాడూ అందులోంచే పోతారు." పెద్దలంతా తలలూపారు. క్లారీ అందరికంటే ఎక్కువ ఊపాడు. అల్లుళ్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఆ తలుపులోంచి వెళ్లేది కుర్రవాళ్లే అనుకున్నారు పెద్దలు. తాము కూడా వెళ్లి ఆ కుర్చీల్లో కూర్చోవలసి వస్తుందని ఏ పెద్దకూ తోచలేదు.

"దీన్లో ఏముంది," అన్నాడు క్లారీ. "డల్సీని ముందుగా తెచ్చి, పదిన్నరకల్లా ఇంటి దగ్గర దింపేస్తాను."

"వీల్లేదు." నర్సు గది గుమ్మంలో మిరియం నిలబడి ఉంది. వారానికి రెండు రోజులు పెద్ద ఊరి నుంచి రెండు వందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వస్తుంది. తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తుంది. "మొదటి నెల ఆవిడ ఒంటిగంట దాకా నాకు దగ్గర్లోనే ఉండాలి."

"ఆవిడ వచ్చేది నిద్రమాత్రకేగా. దానికి అంత కాపలానా సిస్టర్?"

మిరియం అతన్ని చూసింది. ట్యాంకు వైపూ చూసింది. ఏదో అనబోయి, మూతి బిగించి, "మీ బస్సు వెనక టైరు చప్పబడింది, చూసుకోండి," అని లోపలికి వెళ్లిపోయింది.

"ఆవిడ వారం మార్చుకుంటే సరిపోతుంది," అంది లిండ్సే. "శుక్రవారం ఇంకో నర్సు ఉంటుంది. నేను ఫోన్ చేసి అడుగుతాను."

"నువ్వడిగితే సిగ్గుతో చస్తుంది. నాకు వరసైన మనిషి. నేనడుగుతాను," అన్నాడు క్లారీ.

మంగళవారం క్లారీ నడిచి వెళ్లేసరికి డల్సీ ఇంటి ముందు నిప్పుల దగ్గర కూర్చుని గింజలకు కన్నాలు పెడుతోంది. ఎర్రటి గింజలు, శనగగింజంత. తీగ ముక్కను నిప్పుల్లో పెట్టి, కొస ఎర్రబడగానే తీసి, గింజ నడుమ పెట్టి నొక్కాలి. సుయ్‌మని సన్నటి పొగ లేస్తుంది. తీగ అటువైపుకు దిగిపోతుంది. అటూ ఇటూ కదిలితే గింజ పగిలిపోతుంది. మా ఊరి ఆడవాళ్లు మాట్లాడుతూ, తిడుతూ, టీ తాగుతూ కూడా వందలకు వందలు పొడిచేస్తారు. డల్సీ పక్కన రేకు మీద పగిలినవి చాలానే ఉన్నాయి.

"ఏం బావా, కాళ్లు దుమ్ము చేసుకున్నావు? నీ బస్సుకు జ్వరమా?"

"జ్వరం కాదు మరదలా, నెల తప్పింది. వెనక టైరు ఉబ్బి ఉబ్బి చప్పబడిందంటే కాన్పు దగ్గరికొచ్చిందన్నమాట. పోయినసారి రెండు పిల్ల బస్సులు పుట్టాయి. ఒకదాన్ని ఏట్లో మొసలి ఎత్తుకుపోయింది."

"ఏట్లో నీళ్లు ఉంటేగా మొసలికి."

"అందుకే ఎత్తుకుపోయింది. నడిచి నడిచి దానికి కాళ్లు నొప్పులు, బస్సెక్కాలనిపించింది."

డల్సీ నవ్వింది. నవ్వులో తీగ జారి గింజ పగిలింది. దాన్ని రేకు మీదకు విసిరి ఇంకోటి తీసుకుంది. సార్జెంటు వచ్చి క్లారీ బూట్లు వాసన చూసి, పనికొచ్చేదేదీ లేదని వెళ్లి పడుకుంది.

"ఒక మాట, మరదలా. గురువారం బదులు శుక్రవారం రాకూడదూ? బస్సు ఖాళీగా ఉంటుంది. ముందు సీటు నీదే. మహారాణిలా కూర్చోవచ్చు."

"శుక్రవారం ఆ నర్సు ఉండదు."

"నిద్రమాత్ర ఏ నర్సు ఇచ్చినా నిద్రే కదా?"

"గురువారం నాది." తీగ నిప్పుల్లో పెట్టింది. "ఎందుకడుగుతున్నావు?"

ఇక్కడ క్లారీ ఇరుక్కున్నాడు. పేరు చెప్పకూడదు, వరస చెప్పకూడదు. నేల మీద కర్రపుల్లతో గీతలు గీశాడు. "ఆ నీళ్ల ట్యాంకు దగ్గర ఎండ మరీ ఎక్కువగా ఉంటోంది ఈ మధ్య."

"ట్యాంకుకు ఎండేమిటి?"

"ట్యాంకుకు కాదు. ట్యాంకు దగ్గర నిలబడ్డ వాళ్లకు. రెండేసి గంటలు."

డల్సీ చేతిలో తీగ ఎర్రబడి, మళ్లీ నల్లబడింది. దాన్ని గింజకు ఆనించడం మరిచిపోయింది. తర్వాత, "గురువారం నాకు కావాలి," అంది. గొంతులో అదివరకటి బిరుసు లేదు. క్లారీ అది గమనించి ఉండాల్సింది. గమనించలేదు. నిన్నంతా అద్దం తుడిచిన ఉక్రోషం ఒకటి లోపల మిగిలి ఉంది.

"మాత్రలంటే అంత మోజైతే వాటినే కట్టుకోవే. నేనే నిలబడి పెళ్లి చేస్తా," అన్నాడు.

అది వాళ్లిద్దరి మధ్య మామూలు మాటే. యాభై ఏళ్లుగా ఇంతకంటే మోటైనవి ఎన్నో అనుకున్నారు. ఆమె ఎప్పుడూ రెండింతలు తిరిగి ఇచ్చేది. ఈసారి ఇవ్వలేదు. తీగను నిప్పుల పక్కన పెట్టింది. గింజలున్న డబ్బాకు మూత బిగించింది. ఒకసారికి పట్టలేదు, రెండోసారి పట్టింది. కర్ర మీద బరువు మోపి లేచి, ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. సార్జెంటు మూసిన తలుపునూ క్లారీనీ మార్చి మార్చి చూసింది.

"రాతిగుండె," అన్నాడు క్లారీ కుక్కతో.

బుధవారం వెనక టైరు నిజంగానే నేలకు అంటుకుంది. కౌన్సిల్ షెడ్డులో టైర్ల పని నెల్సన్‌దే. వేరే పని దొరక్క కాదు. అతను చెయ్యి పెట్టిన టైరు రాళ్ల దారిలో కూడా ఏడాది దాకా నోరు తెరవదు.

ఇద్దరూ చెరో లివరు పట్టుకుని రిమ్ము అంచున దూర్చారు. నెల్సన్ తన లివరును మోకాలితో తొక్కిపెట్టి, రెండోదాన్ని జానెడు దూరంలో దించి ఎత్తాడు. రబ్బరు కిర్రుమంటూ బయటికి వచ్చింది. ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పాడు. చేతులు వణకడం లేదు. నెల కిందట వణికేవి.

"రేపు వస్తావా?" అన్నాడు క్లారీ.

"వస్తా మామా."

"లోపలికా, ట్యాంకు దాకానా?"

నెల్సన్ ట్యూబును ఇంకాస్త తిప్పాడు. తొట్టిలో చిన్న బుడగల వరస లేచింది. వేలితో ఆ చోటు నొక్కి పట్టి, ట్యూబు బయటికి తీసి గుడ్డతో తుడిచి, సుద్దతో చుట్టూ గీత గీశాడు.

"నిన్న వెళ్లి అడిగాను," అన్నాడు క్లారీ. "వారం మార్చుకోమన్నాను. ససేమిరా అంది. ఒక మనిషి జైలుకు పోతాడని తెలిసి కూడా..."

ఉప్పుకాగితం పట్టుకున్న చెయ్యి ఆగింది. "మార్చుకోవద్దని చెప్పు మామా."

"నీకేం పిచ్చా?"

"ఆ సంగతే కదా తేలుస్తున్నారు," అని నెల్సన్ కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి, సుద్ద గీత లోపల గరుకు చెయ్యడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండా మాట్లాడాడు. "పోయిన గురువారం తొందరగా వచ్చాను. ట్యాంకు దగ్గర సిగరెట్టు కాలుస్తూ నిలబడ్డాను. ఆ నర్సు గది కిటికీకి తెర లేదు మామా. నేను చూడకూడదు. చూసేశాక తెలిసింది, చూశానని."

"ఏం చూశావు?"

నెల్సన్ నోరు తెరిచాడు. నాలుక పైకెత్తి, దాని కింద వేలితో చూపించి, మళ్లీ మూశాడు. "సిస్టర్ టార్చి వేసి చూసింది. మందు కరిగిందా లేదా అని. అది నిద్రకిచ్చే మందు కాదు. నొప్పి మాత్రలు మింగీ మింగీ, నొప్పి పోయినా మాత్రలు పోనివాళ్లకి ఇస్తారు. పెద్ద ఊళ్లో నన్ను పెట్టిన వార్డులో నా పక్క మంచం వాడికి రోజూ ఇచ్చేవాళ్లు. ఉమ్మేస్తారని టార్చి."

క్లారీ ఖాళీ నూనె డబ్బా మీద కూర్చున్నాడు. పోయినేడు డల్సీ తుంటి ఎముక విరిగింది. ఆమెను పెద్ద ఊరికి తీసుకెళ్లిందీ తీసుకొచ్చిందీ తనే. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఒళ్లో మాత్రల సంచి ఉంది. మంగళవారం తన నోటి నుంచి వచ్చిన మాట ఇప్పుడు గుర్తొచ్చి, ఎవరూ అడగకుండానే అరచేత్తో నోరు తుడుచుకున్నాడు.

"నేను లోపలికి పోయానంటే ఆవిడ లేచిపోవాలి," అన్నాడు నెల్సన్. "తల మీద గుడ్డ కప్పుకుని, ఆ కర్రతో. అలా పోతే మళ్లీ రాదు. నేను చూశానని తెలిస్తే ఇక క్లినిక్కుకే కాదు, బయటికే రాదు. అందుకని నిలబడ్డాను."

"మరి నీ సంగతి?"

నెల్సన్ సొల్యూషన్ డబ్బా మూత తీసి, వేలితో పలచగా పూసి, ఆరడానికి నోటితో ఊదాడు. "నాలుగు నెలలే కదా. జైల్లో తలుపులకు కొదవ లేదు."

"వెధవ హాస్యాలు నా దగ్గరాడకు. అవి నా ఆస్తి."

"ఒక్కటే బాధ మామా. ఇన్నాళ్లూ ఒక తలుపువాళ్లు, ముందు తాగుడు మాను, తర్వాత నీ తలలో గొంతుల సంగతి చూస్తాం అన్నారు. రెండో తలుపువాళ్లు, ముందు గొంతులు తగ్గించుకో, తర్వాత తాగుడు అన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిరియం సిస్టర్ రొట్టెల కొట్లోకి వచ్చిన మొదటిరోజే, గొంతులు వినపడినప్పుడు తాగుతావా, తాగినప్పుడు వినపడతాయా అనడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు. నేనింకా జవాబు చెప్పలేదు. చెప్పాలని ఉండేది." ప్యాచ్ పెట్టి బొటనవేలితో మధ్య నుంచి అంచుల దాకా అదిమాడు. "ఎవరితోనూ అనకు."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నాకు తెలీదా," అన్నాడు క్లారీ.

కానీ సాయంత్రం దాకా అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. లిండ్సేకు కారణం చెబితే డల్సీ గుట్టు బయటపడుతుంది. డల్సీకి చెబితే నెల్సన్ చూసినట్టు తెలుస్తుంది. మిరియంకు అన్నీ తెలుసు, కానీ ఆమె నోటికి ఆమె ఉద్యోగమే తాళం. ఊరంతటికీ లేనిపోనివి చెప్పి నవ్వించే మనిషికి, ఉన్న ఒక్క మాట చెప్పడానికి ఒక్క చెవి దొరకలేదు.

గురువారం ఎనిమిదిన్నరకు డల్సీ ఇంటి ముందు బస్సు ఆపి హారన్ కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. దిగి వెళ్లి చూశాడు. తలుపుకు గడియ, నిప్పుల్లో చల్లని బూడిద. కుక్క కూడా లేదు. ఇంటి చుట్టూ తిరిగి రెండుసార్లు పిలిచాడు. మాటకు మాట ఇవ్వకుండా డబ్బాకు మూత బిగించిన చెయ్యి కళ్ల ముందుకొచ్చింది. బస్సులో ఉన్న నలుగురూ కిటికీల్లోంచి చూస్తున్నారు.

"ఏమైంది తాతా? మొసలి ఎత్తుకెళ్లిందా?" అన్నాడు ఒకడు.

"నోరు మూసుకుని కూర్చో," అన్నాడు క్లారీ. అతను ఆ మాట అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు కాబట్టి, అందరూ నోరు మూసుకున్నారు.

క్లినిక్కు ముందు బస్సు ఆగింది. నలుగురూ దిగారు. ట్యాంకు పక్కన నెల్సన్ తల కొద్దిగా తిప్పి, దిగినవాళ్లను చూశాడు. బస్సు తలుపు మూసుకునేదాకా ఆగాడు. గాజులోంచి నాలుగో కుర్చీ ఖాళీగా కనిపిస్తోంది. ఇంకా కాసేపు నిలబడ్డాడు. క్లారీ వైపు చూశాడు. క్లారీ చూపు తప్పించి చక్రం మీద చేతులు సర్దుకున్నాడు. అప్పుడు నెల్సన్ రోడ్డు దాటాడు. పక్కకు ఒరిగి, తలుపు పూర్తిగా తెరవకుండా, ఎవరి నిద్రో చెడుతుందన్నట్టు లోపలికి వెళ్లాడు.

లిండ్సే పరుగులాంటి నడకతో బయటికి వచ్చింది. "పదిహేను!" అంది. "ఎలా ఒప్పించారు ఆవిడని?"

"నేనేం ఒప్పించలేదు."

"మీకు వినయం కూడా ఉందని తెలీదు," అని అతని భుజం తట్టి వెళ్లిపోయింది.

ఇరవై నిమిషాల తర్వాత నర్సు గది తలుపు తెరుచుకుంది. మిరియం నెల్సన్‌ను లోపలే కూర్చోబెట్టి గుమ్మంలోకి వచ్చి, హాల్లో కుర్చీలన్నీ ఒకసారి చూసింది. గోడ గడియారం చూసింది. "బస్సు ఎక్కాల్సినవాళ్లంతా ఎక్కారా?" అంది తలుపు దగ్గర నిలబడ్డ క్లారీతో.

"ఒక సీటు ఖాళీ సిస్టర్."

ఆమె పెదవి కొరుక్కుంది. క్లారీ బస్సు తాళాలు తీసుకున్నాడు. ఏటి గట్టు, దుకాణం, చర్చి వెనక పేకాటవాళ్లు, ఎక్కడెక్కడ వెతకాలో మనసులో వరస పెట్టుకుంటూ, బస్సు తిప్పడానికి భవనం వెనక్కి పోనిచ్చాడు.

వెనక గోడ పక్కన, ఏసీ పెట్టె పడేసిన కొద్దిపాటి నీడలో, పాలసీసాల ప్లాస్టిక్ పెట్టె బోర్లించి దాని మీద డల్సీ కూర్చుంది. వీపు గోడకు, మొహం ఎర్రటి మైదానానికి. పాదాలు చీలమండల దాకా దుమ్ము. సార్జెంటు నాలుక వేలాడేసుకుని పడుకుంది.

క్లారీ ఇంజను ఆపి దిగాడు. పక్కన నిలబడ్డాడు.

"నడిచొచ్చావా?"

"ఆరింటికి బయల్దేరాను. రెండు కిలోమీటర్లంటారు గానీ నాలుగుంటుంది."

"మొన్న నేనన్న మాట..."

"దాని సంగతి తర్వాత. దానికి వడ్డీతో తిడతాలే." కర్రకొసతో నేల మీద చీమను పక్కకు నెట్టింది. "లోపల ఎండెలా ఉంది?"

క్లారీకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "లోపల చల్లగా ఉంది. కూర్చుని మాట్లాడుతున్నారు. పదిహేనోసారి."

"ఎన్ని కావాలి?"

"ఇరవై."

ఆమె తలూపింది. మంగళవారం నుంచి మోస్తున్న సంచి ఒకటి దించినట్టు భుజాలు కిందికి వచ్చాయి. కానీ పూర్తిగా రాలేదు. కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"బావా. నేను వస్తున్నది నిద్రకు కాదని నీకు తెలిసిపోయింది."

క్లారీ వంగి సార్జెంటు మెడ గోకాడు.

"మొన్న నువ్వన్నప్పుడు నీకు తెలీదు. ఇవాళ నీ మొహంలో తెలుస్తోంది. సరే. నీకు తెలిస్తే నీ నోరు నొక్కగలను." గొంతు సవరించుకుంది. "ఆ ట్యాంకు దగ్గర నిలబడ్డ మనిషికి తెలుసా?"

ఏసీ పెట్టె గుర్రుమని తిరుగుతోంది. క్లారీ జీవితంలో ఎన్నడూ కథకు తడుముకోలేదు. ఇప్పుడు తొమ్మిదో పదో కథలు ఒకేసారి నాలుక మీదకొచ్చాయి. వాటన్నిటినీ మింగేశాడు.

"తెలీదు," అన్నాడు. "నీ తుంటి నొప్పికనుకుంటున్నాడు. మర్యాదకి నిలబడ్డాడు."

డల్సీ తల తిప్పి అతని మొహం మొత్తం చూసింది. గడ్డం నుంచి నుదురు దాకా, గింజలో పురుగు ఉందేమోనని చూసినట్టు.

"మొసలి లేదు ఇందులో," అంది చివరికి.

"లేదు."

"అయితే నిజమే అనుకుంటాను."

అనుకుంటాను అన్న మాటను కొంచెం నెమ్మదిగా పలికింది. క్లారీ దాన్ని గుచ్చి చూడలేదు. గుచ్చితే పగిలేవి ఉంటాయి.

అతను ముందుకు వెళ్లి, నెల్సన్ నర్సు గదిలోంచి బయటికి వచ్చేదాకా ఆగి, హాల్లో అందరికీ వినపడేటట్టు, "సిస్టర్, వెనకాల బస్సులో మీ మందుల పెట్టె ఒకటి ఉండిపోయింది, మీరే వచ్చి చూసుకోవాలి," అన్నాడు. మిరియం అతని కళ్లలోకి చూసింది. లోపలికి వెళ్లి, చిన్న పళ్లెం మీద తెల్ల గుడ్డ కప్పి తెచ్చింది. డల్సీని చూశాక ఊపిరి పెద్దగా వదిలింది.

"అటు తిరుగు బావా," అంది డల్సీ.

మిరియం ఆమె ఎదుట అడ్డంగా వంగి నిలబడింది. క్లారీ మైదానం వైపు తిరిగాడు. తిరగ్గానే కనపడ్డాడు నెల్సన్. క్లినిక్కు నుంచి షెడ్డుకు దగ్గరి దారి ఈ వెనక గోడ పక్కనుంచే. నెల్సన్ ఆ దారి పట్టలేదు. ఎండలో, మైదానం అవతలి అంచు పట్టుకుని, రెండింతల దూరం చుట్టి వెళ్తున్నాడు. మెడ బొత్తాం విప్పుకున్నాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

క్లారీకి ఎటు చూడాలో తెలియలేదు. వెనక్కి చూడకూడదు. ముందుకు చూస్తూ ఉంటే, తన చూపు పట్టుకుని ఆమె ఎక్కడ అటు చూస్తుందోనని భయం. చివరికి బస్సు టైరు మీద కళ్లు పెట్టి, కొత్త ప్యాచ్ దగ్గర గాలి పోతోందో లేదో అంత శ్రద్ధగా ఇంకెవరూ చూసి ఉండరు అన్నట్టు నిలబడ్డాడు. మందు కరగడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఏడు నిమిషాలూ డల్సీ మాట్లాడలేదు, అతనూ మాట్లాడలేదు. సార్జెంటుకు అనుమానం వచ్చి లేచి ఇద్దరినీ వాసన చూసింది.

వెనక టార్చి మీట టక్కుమంది. "బాగుంది," అంది మిరియం. "ఒంటిగంట దాకా ఇక్కడే ఉండండి. మధ్యలో వచ్చి చూస్తుంటాను."

ఆమె అడుగుల చప్పుడు మలుపు తిరిగింది. మైదానం చివర నెల్సన్ షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు.

"సోమవారం ఎన్నింటికి వస్తావు?" అంది డల్సీ.

"ఎనిమిదిన్నరకి."

"అందరితో కాదు. ఏడున్నరకి ముందు నన్నొక్కదాన్నీ తెచ్చి ఇక్కడ దింపు." ప్లాస్టిక్ పెట్టె మీద అటూ ఇటూ కదిలి, తుంటి కింద చెయ్యి పెట్టుకుంది. "వచ్చేటప్పుడు లోపల్నుంచి వీపున్న కుర్చీ ఒకటి పట్రా."